జట్లు కట్టడంలో గొడవ లేకుండా

పిల్లలతో ఆటలాడించేటప్పుడు ఆట కంటే జట్లు కట్టడానికే ఎక్కువ సేపు పట్టేది. ఇద్దరు నాయకులు ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోతే, చివరికి మిగిలిన పిల్లాడు నేలచూపులు చూస్తూ నిలబడేవాడు. అది నాకు అసలు నచ్చేది కాదు.

ఇప్పుడు అందరినీ ఎత్తు ప్రకారం, పొడుగువాళ్ళు ముందు ఉండేలా, వరసలో నిలబెడుతున్నాను. 24 మంది, నాలుగు జట్లు అనుకోండి. మొదటి నుంచి 1, 2, 3, 4 అని చెప్పించి, అక్కడే లెక్క వెనక్కి తిప్పి తర్వాతి నలుగురి చేత 4, 3, 2, 1 అనిపించాలి. మళ్ళీ 1 నుంచి మొదలు. ప్రతిసారీ 1, 2, 3, 4 అంటూ పోతే ఒకటో జట్టుకే ఎప్పుడూ కాస్త పొడుగువాళ్ళు పడతారు. వెనక్కి తిప్పితే ఆ తేడా సర్దుకుంటుంది. పక్కపక్కన నిలబడ్డ స్నేహితులు కూడా చాలావరకు వేరే జట్లలోకి వెళ్తారు. అంకె చెప్పిన వెంటనే ఆ జట్టు రంగు రిబ్బను చేతికి కట్టేయండి, లేకపోతే సగం మంది తమ అంకె మర్చిపోతారు. రిబ్బన్లు ముందే నాలుగు కట్టలుగా, కట్టకు ఆరు చొప్పున, జేబులో పెట్టుకుంటే మూడు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఆరేళ్ళలోపు పిల్లలకు వెనక్కి లెక్కించడం తికమక, వాళ్ళ చేతికి నేరుగా రిబ్బను ఇచ్చేయండి. ఆ రోజే కొత్తగా వచ్చి బెరుకుగా ఉన్న పిల్లకైతే, తెలిసిన తోడు ఒకరిని అదే జట్టులో వేయండి.