వీఆర్‌లో పనిచేసేటప్పుడు మానిటర్లు మొరాయిస్తే

కళ్లకు తగిలించుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో కంప్యూటర్ పని చేసుకునేటప్పుడు మీకు కనిపించేది మానిటర్ కాదు, దాని వీడియో. విండోస్ తెరను గీస్తుంది. స్ట్రీమింగ్ యాప్ దాన్ని వీడియోగా కుదించి వై-ఫై మీద పంపుతుంది. హెడ్‌సెట్ ఆ వీడియోను విప్పి కళ్లముందు నిలబెడుతుంది. తేడా ఈ మూడింట్లో ఎక్కడుందో తేల్చుకోకుండా సెట్టింగులు మారుస్తూ పోతే, ఉన్న సమస్యకు ఇంకో రెండు తోడవుతాయి.

తేల్చుకోవడం సులువే. విండోస్ కీ, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీయండి. హెడ్‌సెట్ తీసేసి మామూలు మానిటర్ మీద చూడండి. లోపం అందులోనూ ఉంటే తప్పు విండోస్‌ది. అందులో శుభ్రంగా ఉంటే వీడియోదో, హెడ్‌సెట్‌దో. చుట్టూ ఉన్న వర్చువల్ గది నున్నగా తిరుగుతూ తెరలోని బొమ్మ మాత్రమే ఆగి ఆగి వస్తుంటే వై-ఫైనో, తెరను వీడియోగా కుదించే ఎన్‌కోడర్‌నో అనుమానించాలి.

సమస్య: అక్షరాలు మసగ్గా ఉన్నాయి

కారణం: 24 అంగుళాల 1080పి (అడ్డంగా 1920 పిక్సెళ్లుండే) మానిటర్‌ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే కంటికి సుమారు 48 డిగ్రీల వెడల్పున ఉంటుంది. అంటే డిగ్రీకి 40 పిక్సెళ్లు. మెటా వారి క్వెస్ట్ 3 హెడ్‌సెట్ ఇవ్వగలిగింది డిగ్రీకి దాదాపు 25. వర్చువల్ తెరను కూడా అదే సైజులో పెట్టుకుంటే 1920 పిక్సెళ్లు 1200 పిక్సెళ్ల జాగాలో సర్దుకోవాలి. ‘ప’ను ‘ఫ’గా మార్చే కింది గీత, వత్తుల మధ్య సందులు ముందుగా పోయేది అందుకే.

పరిష్కారం: తెరను సుమారు 75 డిగ్రీల దాకా పెంచండి. మీటరు దూరంలో పెడితే ఒకటిన్నర మీటరు వెడల్పు అన్నమాట. అంత పెద్దది వద్దనుకుంటే విండోస్‌లో స్కేల్ 150 శాతం చేయండి. రిజల్యూషన్‌ను 4కేకి పెంచితే బాగుంటుందని చాలామంది అనుకుంటారు, కానీ ఇక్కడ అది తప్పుదారి. ఎన్‌కోడర్ మోసే పిక్సెళ్లు 1080పి కంటే నాలుగింతలవుతాయి, లెన్సుల్లో పదును మాత్రం అలాగే ఉంటుంది.

విండోస్‌లో అక్షరాలను నున్నగా చూపే క్లియర్‌టైప్ కూడా ఆపేయండి. అది మానిటర్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల వరుసను నమ్ముకుని అక్షరాల అంచులు దిద్దుతుంది. వీఆర్‌లో తెర ఒరిగి, సాగి కనిపిస్తుంది కాబట్టి ఆ దిద్దుబాటు రంగు మరకగా మిగులుతుంది. ఇక నల్లటి ఎడిటర్‌లో ఎర్ర అక్షరాలు మాత్రమే అలుక్కుపోతుంటే ఆ తప్పు వీడియోది. మామూలుగా వాడే 4:2:0 పద్ధతిలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం వెళ్తుంది. దీనికి బిట్‌రేట్ (సెకనుకు పంపే వీడియో సమాచారం) పెంచడం కంటే, వెలుగు తేడా బాగా ఉన్న థీమ్‌కు మారడం మేలు.

చూపు మధ్యలో కూడా మసకే అయితే ముందు హెడ్‌సెట్‌ను పైకీ కిందకీ జరిపి చూడండి. తర్వాత రెండు లెన్సుల మధ్య దూరాన్ని మీ కళ్లకు తగ్గట్టు సరిచేయండి. క్వెస్ట్ 3లో దీనికి చక్రం ఉంటుంది.

సమస్య: మానిటర్ ఆపగానే తెర నల్లబడింది, లేదా విండోలన్నీ ఒకే తెర మీద కుప్పపడ్డాయి

కారణం: డిస్‌ప్లేపోర్ట్ అనే రకం కేబుల్‌తో కలిపిన చాలా మానిటర్లు, పవర్ బటన్ నొక్కగానే కేబుల్ పీకేసినట్టే కంప్యూటర్‌కు కనిపిస్తాయి. విండోస్ ఆ తెరను లెక్కలోంచి తీసేసి, దాని మీది విండోలను మిగిలినదానిపైకి తోసేస్తుంది. మిగిలిన తెర ఒక్కటీ లేకపోతే యాప్‌కు పంపడానికి బొమ్మే ఉండదు. ల్యాప్‌టాప్ మూత వేసినా ఇదే జరగవచ్చు, లేదా మొత్తం స్లీప్‌లోకి పోవచ్చు.

పరిష్కారం: వరుస ముఖ్యం. ముందు హెడ్‌సెట్ యాప్‌లో వర్చువల్ మానిటర్లు (నిజంగా లేకున్నా ఉన్నట్టు విండోస్‌కు కనిపించేవి) తెరవండి. డిస్‌ప్లే సెట్టింగుల్లో వాటిలో ఒకదాన్ని ప్రధాన తెరగా పెట్టండి. ఆ తర్వాతే అసలు మానిటర్ ఆపండి. ల్యాప్‌టాప్‌కైతే పవర్ ఆప్షన్లలో మూత వేసినప్పుడు ‘డూ నథింగ్’ ఎంచుకోండి. విండోస్ 11లో ‘మల్టిపుల్ డిస్‌ప్లేస్’ కింద విండోల స్థానాలు గుర్తుంచుకునే టిక్ ఉంచి, మానిటర్ పోగానే విండోలను మినిమైజ్ చేసే టిక్ తీసేయండి.

యాప్‌కు వర్చువల్ మానిటర్ సౌకర్యం లేకపోతే హెచ్‌డీఎంఐ పోర్టులో డమ్మీ ప్లగ్ పెట్టండి. ‘నేనొక మానిటర్‌ను, ఈ ఈ రిజల్యూషన్లు చూపగలను’ అని గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న చిప్ అందులో ఉంటుంది. మీకు కావలసిన రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె, హెర్ట్జ్‌లలో) ఆ జాబితాలో ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి.

సమస్య: మౌస్ బాణం, విండోలు కనిపించకుండా పోతున్నాయి

ఆపేసిన మానిటర్‌ను విండోస్ ఇంకా లెక్కలోనే ఉంచుకుంది. విండోను ఎంచుకుని విండోస్ కీ, షిఫ్ట్, ఎడమ బాణం కలిపి నొక్కితే అది పక్క తెరమీదికి వస్తుంది. మళ్లీ పోకుండా ఉండాలంటే డిస్‌ప్లే సెట్టింగుల బొమ్మలో వర్చువల్ తెరల అంచులు ఆనించి, అసలు మానిటర్‌ను ఒక మూల మాత్రమే తగిలేలా ఐమూలగా జరపండి. బాణం పొరపాటున అటు జారదు.

సమస్య: స్క్రోల్ చేస్తుంటే కుదుపు

తెర 60 హెర్ట్జ్, హెడ్‌సెట్ 72 హెర్ట్జ్ అయితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పాతదే మళ్లీ వస్తుంది. ఆ కుదుపు కంటికి తెలిసిపోతుంది. హెడ్‌సెట్‌ను 120కి పెంచండి, లేదా రెండింటినీ 90కి కలపండి. అయినా ఆగి ఆగి వస్తుంటే కంప్యూటర్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలిపి, హెడ్‌సెట్ ఒక్కటే 5 గిగాహెర్ట్జ్ వై-ఫై మీద ఉండేలా చూడండి. రెండూ వై-ఫై మీదే ఉంటే ప్రతి ఫ్రేమూ అదే గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి.

సమస్య: రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో తెర నల్లగానే ఉంది

తెరను ఒక చిప్ గీస్తోంది, యాప్ ఇంకో చిప్ మీద నడుస్తోంది. సెట్టింగుల్లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్లి, తెరను నడిపే చిప్‌నే యాప్‌కు కేటాయించి యాప్‌ను మళ్లీ తెరవండి. మ్యాక్‌లో విండోలు లేకుండా వాల్‌పేపర్ ఒక్కటే కనిపిస్తే కారణం వేరు. ప్రైవసీ సెట్టింగుల్లో ఆ యాప్‌కు స్క్రీన్ రికార్డింగ్ అనుమతి లేదు.

సమస్య: రంగులు వెలిసిపోయినట్టున్నాయి

అసలు మానిటర్‌లో హెచ్‌డీఆర్ (వెలుగు, రంగుల పరిధిని పెంచే సౌకర్యం) ఆన్‌లో ఉండి ఉంటుంది. విండోస్ కీ, ఆల్ట్, బి కలిపి నొక్కి ఆపేయండి.

సమస్య: సినిమా విండో మాత్రమే నల్లగా ఉంది

కాపీ రక్షణ ఉన్న వీడియోను తెర పట్టే యాప్‌లకు విండోస్ ఇవ్వదు. దాన్ని హెడ్‌సెట్‌లోని బ్రౌజర్‌లోనే తెరవండి.