మార్ట్‌గేజ్ కంపెనీ మన నెత్తిన రుద్దిన ఇన్సూరెన్స్ డబ్బులు వెనక్కి రాబట్టుకోవడం ఎలా

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ కోసం రాస్తున్నా ఇది. మాకు నెలనెలా ఆటోపేలో 2,140 డాలర్లు పోయేవి, ఒక నెల 2,546 పోయాయి. ప్రాపర్టీ ట్యాక్స్ పెంచారేమో అనుకుని రెండు రోజులు పట్టించుకోలేదు, తర్వాత రాత్రి పిల్లలు పడుకున్నాక స్టేట్‌మెంట్ తెరిచి ఒక్కో లైనూ చూసుకుంటూ వెళ్తే ఎస్క్రో (ఇంటి ట్యాక్స్, ఇన్సూరెన్స్ కట్టడానికి కంపెనీ మన దగ్గర నెలనెలా తీసుకుని ఉంచే డబ్బు) కింద "లెండర్ ప్లేస్డ్ హజార్డ్" అని ఉంది, దాని పక్కన 4,872. 12తో భాగించి చూశా, 406. పెరిగింది కూడా సరిగ్గా అంతే. మా ఇంటికి అప్పటికే ఇన్సూరెన్స్ ఉందండీ, ఏడాదికి 1,650, ఒక్క రోజు కూడా ల్యాప్స్ అవ్వలేదు. ఏం జరిగిందంటే మా లోన్ జూన్‌లో ఒక సర్వీసింగ్ కంపెనీ (నెలనెలా పేమెంట్లు వసూలు చేసే కంపెనీ) నుంచి ఇంకో కంపెనీకి మారింది, పాతవాళ్ళు మేలోనే రెన్యూవల్ ప్రీమియం కట్టేశారు, ఆ సంగతి కొత్తవాళ్ళ రికార్డులోకి ఎక్కలేదు. ఆ చిన్న పొరపాటుకి మూడు నెలలు మాకు కంటి మీద కునుకు లేదు. డబ్బంతా వెనక్కి వచ్చింది, కానీ ఎలా అడగాలో ముందే తెలిసుంటే అంత టైమ్ పట్టేది కాదు.

స్టేట్‌మెంట్‌లో ఉన్న ఆ "లెండర్ ప్లేస్డ్" ఇన్సూరెన్స్‌నే ఫోర్స్-ప్లేస్డ్ ఇన్సూరెన్స్ అంటారు. లోన్ కాగితాల్లో ఇంటికి ఎప్పుడూ ఇన్సూరెన్స్ ఉండాలి అని మనం సంతకం పెడతాం కదా, అది లేదని వాళ్ళు అనుకుంటే వాళ్ళే ఒక పాలసీ కొనేసి ఆ ఖర్చు మన మీద వేస్తారు. మామూలు పాలసీ కంటే రేటు బాగా ఎక్కువ ఉంటుంది, పైగా అది కాపాడేది ముఖ్యంగా వాళ్ళ అప్పుని, అంటే ఇంటి కట్టడం వరకే, లోపల మన సామాను పోయినా, ఎవరైనా మెట్ల మీద జారిపడి మన మీద కేసు వేసినా సాధారణంగా పైసా రాదు. అందుకే "పోనీలే, ఏదో ఒక ఇన్సూరెన్స్ ఉంది కదా" అని మాత్రం ఊరుకోకండి.

ఇందులో రూల్ మన వైపే ఉంది. రెస్పా అని 1974 నాటి చట్టం, దాని కింద రెగ్యులేషన్ ఎక్స్ అని ఉంటుంది, అందులో సెక్షన్ 1024.37 మొత్తం ఈ ఫోర్స్-ప్లేస్డ్ ఇన్సూరెన్స్ గురించే, 2014 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మన దగ్గర ఇన్సూరెన్స్ లేదని నమ్మడానికి వాళ్ళకి తగిన ఆధారం ఉండాలి. ఛార్జ్ వెయ్యడానికి కనీసం 45 రోజుల ముందు మొదటి నోటీసు పంపాలి, అది పంపిన 30 రోజులు దాటాక రెండోది, రిమైండర్, పంపాలి, ఆ రిమైండర్ తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి. ఈ రెండు నోటీసులూ పంపకుండా ఛార్జ్ వేశారంటే అదొక్కటే పెద్ద తప్పు, మీ లెటర్‌లో మొదట రాయాల్సింది అదే. మా ఇంట్లో ఏమైందంటే మొదటి నోటీసు వచ్చింది, తెల్ల కవరు, చూడ్డానికి రీఫైనాన్స్ ప్రకటనలాగే ఉంది, మా ఆయన దాన్ని కూపన్ల కట్టలో పడేశారు. లోన్ కొత్తగా మారిన మొదటి ఆర్నెల్లు ఆ కంపెనీ పేరుతో వచ్చే ప్రతి కవరూ చింపి చూడండి.

ముందు అసలు వాళ్ళు మన పాలసీని ఎందుకు చూడలేకపోయారో కనుక్కోవాలి, ఎందుకంటే కారణం తెలీకుండా కాగితాలు పంపితే అవే కాగితాలు మళ్ళీ మళ్ళీ రిజెక్ట్ అవుతాయి. మీ ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ చేసి మార్ట్‌గేజీ క్లాజ్‌లో (పాలసీలో లోన్ కంపెనీ పేరు రాసే చోట) ఎవరి పేరు ఉందో చదివి చెప్పమనండి. లోన్ మారినప్పుడు అక్కడ పాత కంపెనీ పేరే ఉండిపోతుంది, లోన్ నంబర్ కూడా పాతదే ఉంటుంది, అందుకని రెన్యూవల్ కాగితాలన్నీ పాతవాళ్ళకే వెళ్తుంటాయి. మనవాళ్ళకి ఇంకో బాధ పేర్లతో. లోన్‌లో ఇంటిపేరు ముందు, పాలసీలో వెనక, ఒక చోట పేరు రెండు ముక్కలు, ఇంకో చోట కలిపి, వాళ్ళ కంప్యూటర్‌కి ఆ రెండూ వేరే వేరే మనుషులు. అడ్రస్‌లో యూనిట్ నంబర్ లేకపోయినా అంతే. కాండో అయితే బిల్డింగ్ మొత్తానికి హెచ్‌ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం) తీసుకున్న మాస్టర్ పాలసీ కూడా చూపించాలి, చాలాసార్లు అది అందకే ఛార్జ్ వేస్తారు. ఏజెంట్‌తో క్లాజ్ సరిచేయించి, కొత్త డిక్లరేషన్ పేజీ (పాలసీ ముఖ్య వివరాలు ఉండే పేజీ) ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

ఆ డిక్లరేషన్ పేజీలో మీ పేరు, ఇంటి అడ్రస్, పాలసీ నంబర్, మొదలైన తేదీ, ముగిసే తేదీ, కవరేజ్ ఎంత అనేది ఉండాలి. వాళ్ళు ఛార్జ్ వేసిన కాలం మధ్యలో రెన్యూవల్ పడితే రెన్యూవల్‌కి ముందు పాలసీ పేజీ, తర్వాతి పాలసీ పేజీ రెండూ కావాలి. ప్రీమియం కట్టిన రసీదు కూడా పెట్టుకోండి. మా విషయంలో పని చేసింది మాత్రం పాత కంపెనీ ఎస్క్రో స్టేట్‌మెంట్. అందులో మే నెలలో మా ఇన్సూరెన్స్ కంపెనీకి 1,650 పంపినట్టు లైను ఉంది, ఇంక వాళ్ళు కాదనడానికి ఏం మిగల్లేదు. అందుకే లోన్ మారుతోందని లెటర్ రాగానే పాత పోర్టల్‌లోకి వెళ్ళి అన్ని స్టేట్‌మెంట్లూ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, తర్వాత ఆ లాగిన్ ఎప్పుడు మూసేస్తారో మన చేతిలో ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. ఫోన్‌ని నమ్ముకోకండి. నేను మూడుసార్లు చేశా, మూడుసార్లూ వేరే వేరే వాళ్ళు ఎత్తారు, ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు, "48 గంటల్లో అప్‌డేట్ అవుతుంది మేడమ్" అన్నారు, ఏమీ అవ్వలేదు. ఫోన్ చెయ్యొద్దని కాదు, అప్‌లోడ్ ఎక్కడ చెయ్యాలో, ఫ్యాక్స్ నంబర్ ఏంటో తెలుసుకోవడానికి పనికొస్తుంది, చేసినప్పుడు తేదీ, టైమ్, మాట్లాడిన వాళ్ళ పేరు, రిఫరెన్స్ నంబర్ రాసి పెట్టుకోండి. కానీ చట్టప్రకారం వాళ్ళ మీద గడియారం మొదలయ్యేది కాగితం అందినప్పుడే. మన ఇన్సూరెన్స్ రుజువు అందిన 15 రోజుల్లోపు వాళ్ళు కొన్న పాలసీ క్యాన్సిల్ చెయ్యాలి, రెండు పాలసీలూ ఉన్న కాలానికి వసూలు చేసిన ప్రీమియం, దాని మీద వేసిన ఫీజులు అన్నీ రీఫండ్ చెయ్యాలి, అకౌంట్ మీద ఇంకా మిగిలిన ఛార్జీలు కూడా తీసెయ్యాలి.

అందుకని రెండు పనులూ ఒకేసారి చెయ్యండి. రుజువు వాళ్ళ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి పోర్టల్‌లో గానీ ఫ్యాక్స్‌లో గానీ పంపండి, అప్‌లోడ్ అయిందని వచ్చిన స్క్రీన్‌ని ఫొటో తీసుకోండి. దాంతోపాటు "నోటీస్ ఆఫ్ ఎర్రర్" అనే లెటర్ పోస్టులో పంపండి, ఇది సెక్షన్ 1024.35 కింద. ఈ లెటర్ పంపే అడ్రస్ వేరేగా ఉంటుంది, నెలనెలా చెక్కు పంపే అడ్రస్ కాదు, స్టేట్‌మెంట్ వెనకవైపు చిన్న అక్షరాల్లోనో వెబ్‌సైట్‌లోనో ఎర్రర్లు, ఇన్ఫర్మేషన్ రిక్వెస్టుల కోసం అని ఇచ్చి ఉంటుంది. అలా అడ్రస్ పెట్టినప్పుడు అక్కడికే పంపాలి, ఇంకెక్కడికి పంపినా లెక్కలోకి రాకపోవచ్చు. పేమెంట్ కూపన్ మీద రాసి పంపితే కూడా చెల్లదు.

లెటర్ పొడుగ్గా అక్కర్లేదు, నాది ఒక పేజీ కూడా లేదు. పైన నోటీస్ ఆఫ్ ఎర్రర్ అని పెద్ద అక్షరాల్లో, కింద లోన్‌లో ఎలా ఉందో అలాగే నా పేరు, లోన్ నంబర్, ఇంటి అడ్రస్. తర్వాత, "ఫలానా తేదీన నా ఎస్క్రోలో 4,872 డాలర్ల ఫోర్స్-ప్లేస్డ్ ప్రీమియం వేశారు, ఆ కాలమంతా నాకు ఫలానా నంబర్ పాలసీ ఉంది, రుజువులు జత చేశాను, ఈ ఛార్జ్ వెయ్యడానికి మీకు తగిన ఆధారం లేదు" అని రాశా. చివర్లో ఏం కావాలో ఒక్కొక్కటిగా అడిగా. ఆ పాలసీ మొదటి రోజు నుంచే క్యాన్సిల్ చెయ్యాలి, మొత్తం ప్రీమియం వెనక్కి ఇవ్వాలి, దీనివల్ల లేట్ ఫీజు ఏదైనా పడితే తీసెయ్యాలి, ఎస్క్రో అనాలిసిస్ (ఎస్క్రోకి నెలకి ఎంత తీసుకోవాలో వేసే లెక్క) మళ్ళీ చేసి నెల పేమెంట్ తగ్గించాలి, రెండు నోటీసులూ ఏ తేదీన పంపారో కాపీలు ఇవ్వాలి. కోపం అంతా రాయాలనిపిస్తుంది, నేను మొదట అలాగే మూడు పేజీలు రాసి చింపేశా, ఎందుకంటే అవతల చదివేవాళ్ళకి కావల్సింది తేదీలు, అంకెలు. పాత గొడవలన్నీ ఇందులో కలపకండి, ఒక్క విషయమే ఉండాలి. ఒరిజినల్స్ పంపకండి, కాపీలే. పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీట్ అని అడిగితే ఒక పచ్చ కార్డు అతికిస్తారు, అది సంతకంతో మళ్ళీ మన ఇంటికి వస్తుంది, దాన్ని జాగ్రత్తగా దాచుకోండి, లెటర్ ఏ రోజు అందిందో చెప్పేది ఆ కార్డే.

అందిన 5 బిజినెస్ డేస్‌లో అందిందని జవాబు ఇవ్వాలి, 30 బిజినెస్ డేస్‌లో తప్పు దిద్దాలి, లేదంటే విచారించి తప్పు లేదని కారణంతో సహా చెప్పాలి. ఇంకో 15 బిజినెస్ డేస్ పొడిగించుకోవచ్చు, కానీ ఆ గడువు అయిపోయేలోపే మనకి రాతలో చెప్పాలి. దీనికి మన దగ్గర ఫీజు తీసుకోకూడదు. లెటర్ అందిన దగ్గర్నుంచి 60 రోజులు, గొడవలో ఉన్న ఆ పేమెంట్ గురించి క్రెడిట్ బ్యూరోలకి చెడుగా రిపోర్ట్ చెయ్యకూడదు. తప్పు లేదని జవాబు వస్తే, దేని ఆధారంగా అన్నారో ఆ డాక్యుమెంట్లు అడగండి, 15 బిజినెస్ డేస్‌లో ఉచితంగా ఇవ్వాలి.

ఈలోపు పేమెంట్ ఆపొద్దు. నాకు తెలిసినవాళ్ళు ఒకరు పంతానికి పోయి పాత అమౌంటే కడుతూ వచ్చారు, కంపెనీ దాన్ని పూర్తి పేమెంట్‌గా తీసుకోకుండా సస్పెన్స్ అకౌంట్‌లో (లోన్‌కి జమ చెయ్యకుండా పక్కన ఉంచే ఖాతాలో) పెట్టి లేట్ అని రాసింది, ఇన్సూరెన్స్ గొడవ కాస్తా లోన్ డిఫాల్ట్ గొడవ అయి కూర్చుంది. కష్టమైనా సరే పెరిగిన అమౌంట్ కట్టండి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని లెటర్‌లో ఒక ముక్క రాయండి, వెనక్కి రావాల్సిన లెక్కలో అదీ చేరుతుంది. అస్సలు కట్టలేని పరిస్థితి అయితే హడ్ (అమెరికా ప్రభుత్వ గృహ శాఖ) ఆమోదం ఉన్న హౌసింగ్ కౌన్సెలర్‌తో వెంటనే మాట్లాడండి.

నిజంగానే మధ్యలో ల్యాప్స్ అయ్యిందనుకోండి, కార్డు ఎక్స్‌పైర్ అయి ప్రీమియం పడలేదు, 12 రోజులు గ్యాప్ వచ్చింది. అప్పుడు వాళ్ళు వెయ్యగలిగేది ఆ 12 రోజులకే, ఏడాది మొత్తానికి కాదు. ముందు మీ ఇన్సూరెన్స్ కంపెనీని గ్యాప్ లేకుండా రీఇన్‌స్టేట్ చేస్తారా అని అడగండి, చేస్తే ఆ 12 రోజులది కూడా పోతుంది. ఇంకోటి, మీ ఇన్సూరెన్స్ ఎస్క్రో నుంచే కట్టే పద్ధతి అయితే, మీరు మార్ట్‌గేజ్ 30 రోజులకు మించి లేట్ ఉన్నా సరే, సాధారణంగా వాళ్ళే డబ్బు అడ్వాన్స్ చేసి మీ పాలసీని నిలబెట్టాలి. ఇల్లు ఖాళీగా ఉందని గానీ, డబ్బు కట్టకపోవడం కాకుండా వేరే కారణానికి పాలసీ రద్దయ్యిందని గానీ నమ్మడానికి ఆధారం ఉంటేనే దీనికి మినహాయింపు. వాళ్ళే ప్రీమియం కట్టడం మర్చిపోయి మన మీద ఖరీదైన పాలసీ వేస్తే లెటర్‌లో ఆ మాట గట్టిగా రాయండి. 5,000 లేదా అంతకంటే తక్కువ లోన్లు చూసే చిన్న సర్వీసర్లకి ఇందులో కొంచెం వెసులుబాటు ఉంది.

గడువు దాటినా కదలకపోతే సీఎఫ్‌పీబీ (లోన్లు, బ్యాంకుల మీద వినియోగదారుల ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) వెబ్‌సైట్‌లో కంప్లైంట్ పెట్టండి, లెటర్, పచ్చ కార్డు, డిక్లరేషన్ పేజీ మూడూ అటాచ్ చేసి. అలాగే మీ స్టేట్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి, అటార్నీ జనరల్ ఆఫీసుకి కూడా. రెస్పా కింద కోర్టుకి వెళ్ళి నిజంగా జరిగిన నష్టం అడగొచ్చు, కంపెనీ ఇలా పదే పదే చేస్తోందని తేలితే దానికి అదనంగా 2,000 డాలర్ల దాకా రావచ్చు, గెలిస్తే లాయర్ ఫీజు కూడా వాళ్ళ మీదే పడుతుంది. అంత దూరం వెళ్ళాల్సి వస్తే కన్స్యూమర్ లాయర్‌ని కలవండి, మీ కాగితాలు వరసగా ఉంటే వాళ్ళ పని సగం అయిపోయినట్టే.

ఫ్లడ్ ఇన్సూరెన్స్ రుద్దితే పైన చెప్పిన 1024.37 వర్తించదు, దానికి వేరే ఫెడరల్ చట్టం ఉంది, అక్కడ కూడా నోటీసు ఇచ్చి 45 రోజులు ఆగాలి, రుజువు అందాక రీఫండ్‌కి 15 కాదు, 30 రోజులు. పీఎంఐ (డౌన్‌పేమెంట్ తక్కువైతే అప్పిచ్చినవాళ్ళ రక్షణకి మనం కట్టే ఇన్సూరెన్స్) సంగతి కూడా వేరే, 1998 చట్టం ప్రకారం బ్యాలెన్స్ ఇంటి ఒరిజినల్ వాల్యూలో 80 శాతానికి వచ్చినప్పుడు మనం రాసి అడిగి తీయించుకోవచ్చు, షెడ్యూల్ ప్రకారం 78కి రాగానే, పేమెంట్లు కరెంట్‌గా ఉంటే, వాళ్ళంతట వాళ్ళే తీసెయ్యాలి. ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ సంస్థ హామీ ఉండే) లోన్లకి ఈ చట్టం పనికిరాదు.

రీఫండ్ వచ్చిందని లెటర్ రాగానే ఫైలు మూసెయ్యకండి. మాకు 4,872 ఎస్క్రోలో పడింది కానీ నెల పేమెంట్ మాత్రం 2,546 దగ్గరే ఉండిపోయింది, అనాలిసిస్ మళ్ళీ చెయ్యమని ఇంకో లెటర్ రాస్తేగానీ 2,140కి రాలేదు. ఆటోపే కూడా ఒకసారి తెరిచి చూడండి, అందులో పాత పెద్ద అమౌంటే సెట్ అయి ఉండొచ్చు. తర్వాత రెన్యూవల్‌కి రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, కొత్త డిక్లరేషన్ పేజీ రాగానే మీరే పంపించి, అందినట్టు రాతలో జవాబు తెప్పించుకోండి.