ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) కారు చేతిపని, 7వ పాఠం: ముందు చక్రానికి ఏ జాయింటు?

పోయిన పాఠంలో డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల డబ్బా) విప్పి, నూనె మార్చి, మళ్ళీ బిగించాం. అక్కణ్ణుంచి చక్రం దాకా తిప్పుడు మోసుకెళ్ళేది షాఫ్ట్, దాని కొసల్లో ఉండేవి జాయింట్లు. కొత్తగా కారు కొన్నవాళ్ళు మోటారుకీ బ్యాటరీకీ డబ్బులు పోసి, వీటిని విరిగిన రోజు మాత్రమే చూస్తారు.

ముందు ఓ పని చేయండి. మోటారు వైర్లు పీకేసి, కారుని డబ్బా మీద చక్రాలు గాల్లో ఉండేలా నిలబెట్టండి. స్టీరింగ్‌ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకుని, ముందు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఒక చుట్టులో రెండుచోట్ల పట్టేసినట్టు, రెండుచోట్ల జారినట్టు వేలికి తగులుతుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి తిప్పితే ఆ తేడా ఉండదు. ఈ పాఠమంతా ఆ రెండు పట్ల మీదే.

వంపులో పనిచేసే మామూలు జాయింటుకు ఒక గుణం ఉంది. లోపలి షాఫ్ట్ సమంగా తిరుగుతున్నా, బయటి యాక్సిల్ (చక్రం ఇరుసు) చుట్టుకి రెండుసార్లు ముందుకు దూకి, రెండుసార్లు వెనకబడుతుంది. షాఫ్ట్ వేగం 100 అనుకుంటే, 10 డిగ్రీల వంపులో చక్రం వేగం 98.5కీ 101.5కీ మధ్య ఆడుతుంది. అంత తేడా ఎవరికీ తెలీదు. 20 డిగ్రీలకు అది 94 నుంచి 106, 30 డిగ్రీలకు 87 నుంచి 115. వంపు మూడింతలైతే ఆట తొమ్మిదింతలు దాటింది, చూడండి. వెనక చక్రం పక్కకు తిరగదు, దాని వంపంతా సస్పెన్షన్ ఎత్తుపల్లాల వల్ల వచ్చేదే. అందుకే వెనక ఏ జాయింటున్నా నడిచిపోతుంది. డబ్బు ముందు చక్రాలకు పెట్టాలి.

అన్నిటికంటే చవక డాగ్‌బోన్. రెండు కొసల్లో గుండు, గుండులో అడ్డంగా పిన్ను. డిఫరెన్షియల్‌కీ యాక్సిల్‌కీ ఉండే గిన్నెలాంటి కప్పు గాడిలో ఆ పిన్ను కూర్చుంటుంది. టామియా టీటీ-02 కిట్‌లో వచ్చేది ఇదే. రెండు కొసల్లో వంపు సమానంగా ఉంటే ఒకదాని ఆటని ఇంకోటి సరిచేస్తుంది. లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండువైపులా క్రాస్‌లు పెట్టి, వాటిని ఒకే వరసలో నిలబెట్టేది అందుకే. మన కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి కొస దాదాపు నేరుగానే ఉండి, వంపంతా బయటి కొస మీద పడుతుంది. సరిచేసేవాడే లేడు. వంపు ఎక్కువైతే పిన్ను గాడి అంచెక్కి బయటికి దూకుతుంది కూడా.

సీవీడీ అంటే కాన్‌స్టంట్ వెలాసిటీ డ్రైవ్, సమవేగం ఇచ్చేదని పేరు. దీనిలో లోపలి కొస డాగ్‌బోనే. బయటి కొసని మాత్రం యాక్సిల్ లోపలే పిన్నుతో కట్టేస్తారు. చుట్టులో వేగం తేడా దీనిలోనూ ఉంది, పేరు చూసి మోసపోకండి. లాభం వేరే: ఎక్కువ వంపుకీ పట్టేయదు, ఊడిపడదు. చంద్రగిరి వైపు ఖాళీ లేఅవుట్లలో ఎర్రమట్టి, గరుసు మీద తోలేవాళ్ళకి నా లెక్కలో ముందు సీవీడీ, వెనక డాగ్‌బోన్ చాలు.

డబుల్ కార్డాన్‌లో చక్రం దగ్గరే రెండు జాయింట్లు పక్కపక్కన ఉండి వంపుని చెరిసగం పంచుకుంటాయి. ఒకటి పెట్టిన తేడాని రెండోది తీసేస్తుంది. ముందువైపు డిఫరెన్షియల్ బదులు స్పూల్ వేసుకుని తారు మీదో కార్పెట్ మీదో పందేలు తోలేవాళ్ళకి ఇది నిజంగా అవసరం. స్పూల్‌లో రెండు చక్రాలూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి కాబట్టి మలుపులో ముందు భాగం గడగడలాడుతుంది. అలాంటి పందెం లేకపోతే వద్దు. పిన్నులు ఎక్కువ, మట్టి దూరే సందులు ఎక్కువ, ధరా ఎక్కువ. (తిరుమల ఘాట్ ఎక్కే ట్యాక్సీల్లో ముందు చక్రాలు లాగే కార్లకి, ఆ చక్రాల దగ్గర ఉక్కు గుండ్లతో నిజంగా సమవేగం ఇచ్చే జాయింటు ఉంటుంది. అది అరిగితే హెయిర్‌పిన్ మలుపులో టక్‌టక్‌మంటుంది. మన సైజులో అది చేయడం ఖరీదైన పని.)

చెన్నై నుంచో బెంగుళూరు నుంచో తెప్పించే ముందు వెర్నియర్ తీయండి. గుండు పిన్ను మధ్య నుంచి రెండో పిన్ను మధ్య దాకా పొడవు, పిన్ను మందం, యాక్సిల్ బేరింగ్ కొలత రాసుకోండి. హెక్స్ (చక్రం కూర్చునే ఆరుపలకల ముక్క) 1/10 సైజు, అంటే అసలు కారులో పదోవంతు కార్లలో సాధారణంగా 12 మిల్లీమీటర్లు, 1/8లో 17. తర్వాత షాకర్ కింది స్క్రూ విప్పి, ఆర్మ్‌ని (చక్రాన్ని మోసే సస్పెన్షన్ చెయ్యి) పైనుంచి కిందికి పూర్తిగా కదిలించండి. ఎక్కడ సందు బాగా తగ్గుతుందో అక్కడ కూడా షాఫ్ట్‌ని వేళ్ళతో అటూఇటూ కొద్దిగా కదల్చగలగాలి. కదలకపోతే పొడవెక్కువ; ఒక్క దెబ్బకి డిఫరెన్షియల్ బేరింగ్ పోతుంది. ఆర్మ్ పూర్తిగా దిగినప్పుడు పిన్ను గాడి అంచుకొస్తే పొడవు చాలలేదన్నమాట.

రంగురంగుల అల్యూమినియం షాఫ్ట్‌లు కొనకండి. వేడి చేసి గట్టిపరచిన ఉక్కే మేలు. సీవీడీ పిన్నుని పట్టే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) తీసి, నూనె పూర్తిగా తుడిచి, నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి. గ్రీజు దట్టించొద్దు. స్వర్ణముఖి ఇసుక గ్రీజులో కలిస్తే పిన్నుని సానబడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, పల్చటి నూనె రాసి, గుడ్డతో తుడిచేస్తే సరి. గోరు పిన్ను మీద జరిపితే మెట్టు తగిలిందా, పిన్ను మార్చే వేళైనట్టే.

వచ్చే పాఠం షాకర్ నూనె గురించి. ఈలోగా మీ కారు ముందు షాఫ్ట్ ఒకటి ఊడదీసి, పైన చెప్పిన మూడు కొలతలూ కాగితం మీద రాసి ఉంచండి. షాకర్లు విప్పినప్పుడు ఆర్మ్ ఎంత దిగనివ్వాలో తేల్చుకోడానికి ఆ పొడవు అంకె కావాలి.