అయస్కాంతం, వైండింగ్ వైరుతో కరెంటు పుట్టించడం ఎలా?

శ్రీశైలం కుడిగట్టు పవర్‌హౌస్‌లో నీళ్లు, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు (ఆర్టీపీపీ)లో బొగ్గు మండించి తీసిన ఆవిరి, రామగిరి కొండల మీద గాలి, ఇవన్నీ చేసేది ఒకే పని: జనరేటరు షాఫ్టును (ఇరుసును) తిప్పడం. దాంతో తీగచుట్టల దగ్గర అయస్కాంతం తిరుగుతుంది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో వోల్టేజీ పుడుతుందని 1831లోనే ఫారడే చూపించాడు. అది ఇంట్లోనే కళ్లారా చూడొచ్చు.

కావలసినవి: సూది లేని కొత్త 10 మి.లీ. సిరంజి, 12 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం ఉన్న నియోడిమియం అయస్కాంతాలు 4, ఎర్ర ఎల్‌ఈడీలు 2, ఎనామిల్ పూత ఉన్న 36 గేజి రాగి తీగ 50 గ్రాములు. ఈ తీగ అనంతపురంలోనో ప్రొద్దుటూరులోనో ఫ్యాన్లు చుట్టే వైండింగ్ షాపులో అడగండి.

1. సిరంజి గొట్టం మధ్యలో 12 మి.మీ. ఎడంగా రెండు అట్ట బిళ్లలు అతికించండి. చుట్ట వాటి మధ్యలోనే ఉండాలి. మరీ వెడల్పైతే ఒక ధ్రువం పుట్టించిన వోల్టేజీని రెండో ధ్రువం కొట్టేస్తుంది.

2. మొదట 15 సెం.మీ. తీగ వదిలి, 1000 చుట్లు చుట్టండి. పని అంతా ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. ప్రతి వందకూ కాగితం మీద ఒక గీత పెట్టుకోండి. మధ్యలో దిశ మారిస్తే ఆ చుట్లు ముందువాటికి ఎదురు పనిచేస్తాయి. తీగ తెగితే రెండు కొసలూ గీకి, మెలిపెట్టి, టంకం వేసి, టేపు చుట్టి కొనసాగించండి.

3. రెండు కొసల్లో ఎనామిల్‌ను గరుకు కాగితంతో ఎర్రటి రాగి మెరిసేదాకా రుద్దండి. బల్బు వెలగకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. మల్టీమీటరులో సుమారు 40 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే పూత పోలేదు, లేదా తీగ తెగింది.

4. ఒక ఎల్‌ఈడీ పొడుగు కాలును రెండోదాని పొట్టి కాలితో కలపండి, మిగతా రెంటినీ అలాగే. ఈ రెండు జంటలకూ చెరో కొస బిగించండి.

5. నాలుగు అయస్కాంతాలనూ ఒకే కడ్డీలా అతికించి గొట్టంలో వేయండి. ఒక్కటే వేస్తే లోపల పల్టీ కొడుతుంది. రెండు చివర్లా దూది కుక్కి మూయండి, లేకపోతే తగిలి పగులుతాయి.

చీకట్లో గట్టిగా ఊపండి. ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి మిణుకుమంటాయి. అయస్కాంతం చుట్టలోకి వచ్చేటప్పుడు కరెంటు ఒకవైపు, బయటికి పోయేటప్పుడు రెండోవైపు పారుతుంది. ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) అంటే ఇదే. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఈ చక్రం పూర్తి చేస్తుంది. అందుకే ఆర్టీపీపీ టర్బైను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. ఓర్వకల్లు సోలార్ పలకల్లో తిరిగేదేమీ లేదు. అక్కడ పుట్టేది డీసీ (ఒకే దిశలో పారే కరెంటు), దాన్ని ఇన్వర్టర్లు ఏసీగా మారుస్తాయి.

ఈ చుట్టను ఎప్పుడూ 230 వోల్టుల సాకెట్‌కు తగిలించొద్దు. చిన్నపిల్లలకు అయస్కాంతాలు అందనివ్వొద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లు పెడతాయి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.