చల్లని నీటిలో చిన్న పడవ – 4వ పాఠం: వేళ్లు పనిచేసే పది నిమిషాలు

ఈసారి నేర్చుకోవాల్సింది బోల్తా పడిన కయాక్‌లోకి, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలోకి, తిరిగి ఎక్కడం. అంతకన్నా ముందు గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి తేల్చాలి. 12 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో పది నిమిషాలు చేయి ముంచి, తీసిన వెంటనే లైఫ్ జాకెట్ బకిల్ పెట్టి చూడమన్నాను. చాలామంది సునాయాసంగా పెట్టేశారు. దాన్నిబట్టి చల్లని నీళ్లు అంత భయపడాల్సినవి కావని తేల్చుకున్నారు. ఈ ధీమాతో నీళ్లలోకి వెళ్లకండి.

బకిల్ అంత తేలిగ్గా పడడానికి కారణాలు రెండు. మొదటిది, మోచేయి దాకా ముంచమంటే మణికట్టు దాకే ముంచారు. పిడికిలి బిగించే పెద్ద కండరాలు అరచేతిలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి నరాల్లాంటి తాళ్లు మణికట్టు దాటి వేళ్లదాకా వచ్చి వాటిని లాగుతాయి. ముంజేయి వెచ్చగా ఉన్నంతసేపు వేళ్లకు స్పర్శ పోయినా పట్టు ఉంటుంది. ముంజేయి చల్లబడితే పట్టే పోతుంది.

రెండోది, బకెట్ ముందు కూర్చున్నవారి మిగతా ఒళ్లంతా వెచ్చగా, పొడిగా ఉంది. నీళ్లలో పడితే అలా ఉండదు. ఒళ్లంతా ఒక్కసారే చల్లబడుతుంది. గుండె, మెదడు, ఊపిరితిత్తుల వేడిని కాపాడుకోవడానికి శరీరం కాళ్లూ చేతుల రక్తనాళాలను బిగించేస్తుంది. అంటే బకెట్ దగ్గర మీకు వచ్చిన ఫలితం అన్నీ అనుకూలిస్తే వచ్చేది. అసలు నీళ్లలో అంతకన్నా తక్కువే వస్తుంది.

ఐస్ ముక్కలు పోసుకుని చేసినవారికి మరో మాట. ఐస్ నీళ్లు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటాయి. కొద్దిసేపటికే నొప్పితో చేయి తీసేస్తారు, తెలిసేదేమీ ఉండదు. థర్మామీటర్ పెట్టి కొలిచి చేయండి.

ఇక ఒకటి–పది–ఒకటి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది: ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, కాళ్లూ చేతులూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. ఇందులో గంటను పట్టుకుని చాలామంది ఒడ్డు దూరం లెక్కేశారు. “గంట సమయం ఉంటే అర కిలోమీటరు ఈదలేమా?” ఈదలేరు. ఆ గంట లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉన్నవారిది, కదలకుండా తేలుతున్నవారిది. జాకెట్ లేనివారికి పది నిమిషాల చివర్లో చేతులు ఆగిపోతాయి. ఒంట్లో వేడి ఇంకా చాలానే ఉంటుంది, శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగి ఉండకపోవచ్చు కూడా. అయినా మునిగిపోతారు. బాగా ఈత వచ్చినవారికీ ఇదే జరుగుతుంది. ఆ అంకెలు గడియారం ముల్లు కూడా కావు. నీటి చల్లదనాన్ని బట్టి, ఒంటి మీది దుస్తుల్ని బట్టి, మనిషి ఒళ్లు బట్టి మారతాయి. మొదటి నిమిషం ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

ఆ పది నిమిషాల్లో ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదే ఈ పాఠం. వేళ్ల పనులు ముందు, కాళ్లూ భుజాల పనులు తర్వాత. బకిల్, జిప్పు, ప్యాడిల్ ఫ్లోట్ (ఎక్కేటప్పుడు ఆసరాకు తెడ్డు కొసకు తొడిగే తేలుడు సంచి) వాల్వు, రేడియో బటన్ ఇవన్నీ వేళ్ల పనులు. చేతులు కొంకర్లు పోయాక కూడా కాళ్లు తన్నగలవు, మోచెయ్యి వంచి తాడును చంకలో ఇరికించుకోగలరు. కానీ చిన్న బకిల్ తెరవలేరు.

ఊపిరి నెమ్మదించేదాకా వేరే ఏ పనీ వద్దు. కయాక్‌ను మాత్రం వదలకండి. డెక్ (కయాక్ పైభాగం) మీది తాడును వేళ్లతో పట్టుకోవడం కాదు, ముంజేయి దూర్చి మోచేతి మడతలో పట్టండి. ఖాళీ కయాక్‌ను గాలి మీరు ఈదే వేగం కన్నా వేగంగా తోసుకుపోతుంది.

ఒంటరిగా ఉండి, ఒడ్డు దూరమైతే రేడియో కాల్ ఇప్పుడే చేయాలి. సముద్రంలో వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్, ఆపద పిలుపులకు వాడేది. “రెండుసార్లు ఎక్కడానికి ప్రయత్నించి, కాకపోతే పిలుస్తాను” అనుకుంటారు. ఆ రెండు ప్రయత్నాలు అయ్యేసరికి రేడియో మీది ఎర్ర ఆపద బటన్ మూత ఎత్తే వేళ్లు మిగలవు. ఎక్కగలిగితే ఇంకో కాల్ చేసి రద్దు చేయండి, ఎవరూ ఏమీ అనరు. రేడియో, ఈల మీ జాకెట్‌కే ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎక్కడం. కాక్‌పిట్ (కూర్చునే గుంట) అంచును రెండు వైపులా పట్టి, కాళ్లు తన్నుతూ ఒక్క ఊపులో కయాక్‌ను నిటారు చేయండి. నెమ్మదిగా తిప్పితే నీళ్లు ఎక్కువ నిండుతాయి. వెల్లకిలా తేలి ఒక పాదాన్ని కాక్‌పిట్‌లో దూర్చండి, కయాక్ ఎటూ పోదు, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ప్యాడిల్ ఫ్లోట్‌ను తెడ్డు కొసకు తొడిగి పట్టీ బిగించండి. గాలి ఊదే రకమైతే రెండు గదులూ ఊదాలి. నేను ఫోమ్ ఫ్లోటే వాడతాను. అది డెక్ మీద చోటు ఎక్కువ తింటుంది, చూడ్డానికీ బాగుండదు. కానీ రొప్పుతున్న మనిషి పెదాలతో వాల్వు వెతుక్కోవాల్సిన పని ఉండదు. తెడ్డు కాడను కాక్‌పిట్ వెనక అంచుకు ఆనించి అడ్డంగా పెట్టండి, ఫ్లోట్ దూరంగా నీటి మీద ఉండాలి. కాడనూ అంచునూ కలిపి ఒక చేత్తో పట్టండి. కాడకు వెనకవైపున ఉండి, కాళ్లు నీటిపైకి వచ్చేలా తన్ని, రొమ్మును వెనక డెక్ మీదికి జార్చండి.

సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతున్నారు. కారణం బలం చాలకపోవడం కాదు, వదులు జాకెట్.

జాకెట్ వేసుకున్నామంటారు. నిజమే, వేసుకున్నారు. ఉక్క పోస్తోందని జిప్పు సగం దించుతారు, నడుం పట్టీ వదులుతారు, పక్క పట్టీలు కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. నీళ్లలో పడగానే ఫోమ్ పైకి తేలుతుంది, ఒళ్లు కిందికి దిగుతుంది. జాకెట్ మెడ దగ్గరికి, చెవుల దగ్గరికి వచ్చేస్తుంది. ఇక మూడు కష్టాలు ఒకేసారి. తల జాకెట్ లోపలికి కుంగి నోరు నీటి మట్టానికి వస్తుంది. చల్లని నీళ్లు తగిలిన మొదటి క్షణంలో గాలి అసంకల్పితంగా ఎగపీలుస్తాం, ఆ ఒక్క పీల్పు నీళ్లలో జరిగితే చాలు. చేతులు పైకెత్తలేరు, పక్కలకు మాత్రమే కదులుతాయి. డెక్ మీదికి జారబోతే పైకి జరిగిన జాకెట్ ముందు అంచు కయాక్ పక్కకు తట్టుకుంటుంది. ఎన్నిసార్లు తన్నినా అదే అంచు, అదే తట్టు. ప్రతి ప్రయత్నం పది నిమిషాల్లోంచి ఒక ముక్క తినేస్తుంది.

దీన్ని నీళ్లలో సరిచేయడం దాదాపు అసాధ్యం. తడిసిన పట్టీని లాగడానికి బొటనవేలూ చూపుడువేలూ కావాలి, జాకెట్‌ను కిందికి అదిమి పట్టడానికి రెండో చెయ్యి కావాలి, ఈ రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు కయాక్‌ను ఎవరు పట్టుకుంటారు? కాబట్టి ఒడ్డునే చేయాలి, ఈ వరుసలోనే: భుజం పట్టీలు పూర్తిగా వదులు చేయండి, జిప్పు పైదాకా వేయండి, నడుం పట్టీని కడుపు పట్టేంత గట్టిగా లాగండి, తర్వాత పక్క పట్టీలు, అన్నిటికన్నా చివర భుజాలవి. భుజాలు ముందు బిగించేవారికి జాకెట్ పైకే లాగబడి ఉంటుంది, నడుం పట్టీ పక్కటెముకల మీద పడుతుంది. తర్వాత స్నేహితుణ్ణి భుజాల దగ్గర జాకెట్‌ను రెండు చేతులతో గట్టిగా పైకి లాగమనండి. గడ్డం దాటి వస్తే వదులే. ఈ కొలత వెట్‌సూట్ గానీ డ్రైసూట్ గానీ (చల్లని నీళ్ల కోసం వేసుకునే దుస్తులు) వేసుకున్నాకే తీసుకోండి. పలచటి చొక్కా మీద తీసిన కొలత ఆ రోజు పనికిరాదు. పడవలో గంట గడిచాక పట్టీలు ఇంకోసారి లాగండి. ఉక్కగా ఉంటే చెయ్యి నీళ్లలో ముంచి మెడ తడుపుకోండి, జిప్పు జోలికి పోకండి.

రొమ్ము డెక్ మీదికి చేరాక మిగతాది తేలిక. తల వెనకవైపుకు ఉండాలి. ఒక కాలిని తెడ్డు కాడ మీద ఆనించి, రెండో కాలిని కాక్‌పిట్‌లోకి, తర్వాత మొదటిదాన్ని కూడా. బరువు ఫ్లోట్ వైపే ఉంచి, ఫ్లోట్ వైపే తిరిగి కూర్చోండి. రెండోవైపు తిరిగారా, మళ్లీ నీళ్లలోకే. స్ప్రే స్కర్ట్ (నడుం చుట్టూ ఉండి కాక్‌పిట్‌ను మూసే గుడ్డ) వేసి, పక్కనుంచి పంపు దూర్చి నీళ్లు తోడండి. తోటివారు ఉంటే వారు మీ కయాక్ ముక్కును తమ డెక్ మీదికి లాగి నీళ్లు వంపి, నిటారు చేసి పట్టుకుంటారు, అప్పుడు ఫ్లోట్ అక్కర్లేదు.

రెండు ప్రయత్నాలతో కాకపోతే మూడోది వద్దు. బోల్తా పడిన కయాక్ మీద బోర్లా పడి ఒళ్లు వీలైనంత నీటిపైకి తెచ్చుకోండి. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, గాలి ఎంత వీస్తున్నా పైనే మేలు. అదీ కుదరకపోతే మోకాళ్లు రొమ్ముకు ముడిచి, చేతులు చంకల్లో పెట్టుకుని కదలకుండా తేలండి.

చిన్న మోటారు పడవ నడిపేవారికి: ఇంజన్ ఆపే తాడు కాలికి కట్టి ఉండాలి, నిచ్చెన నీళ్లలోంచి అందాలి. పడవలోంచి మాత్రమే దించగలిగే నిచ్చెన ఒంటరివారికి ఉన్నా లేనట్లే. నిచ్చెన లేకపోతే తాడుతో పాదం పట్టే ఉచ్చు చేసి వెనకవైపు కట్టుకోండి, నీళ్లలో మోకాలి ఎత్తున వేలాడాలి. గాలితో ఉబ్బే జాకెట్ కయాక్‌కు నప్పదు, ఉబ్బాక డెక్ మీదికి జారనివ్వదు.

అభ్యాసం. వెచ్చని, రొమ్ము లోతు నీళ్లలో, తోడుగా ఒకరు నిలబడి ఉండగా చేయండి. పడ్డ క్షణం నుంచి స్ప్రే స్కర్ట్ వేసేదాకా మూడు నిమిషాల్లో ముగించాలి, వరుసగా ఐదుసార్లు. కుదిరాక మందపాటి చేతి తొడుగులు వేసుకుని ఐదుసార్లు. ఆ తర్వాత ఒడ్డున 12 డిగ్రీల నీళ్లలో రెండు చేతులూ మోచేతులు మునిగేదాకా పది నిమిషాలు ఉంచి, తుడుచుకోకుండా వెళ్లి ఒక్కసారి చేయండి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, చలికి వేళ్లు తెల్లబడేవారు ఈ చివరి భాగం చేయకండి. ఏ బకిల్ దగ్గర ఆగిపోయారో రాసుకుని, దాని స్థానంలో పెద్ద ఉంగరమో తాడు ఉచ్చో పెట్టాక మళ్లీ మొదటి ఐదు నుంచి మొదలుపెట్టండి.