ఎండలు ముదరకముందే: కిటికీలకు తెరలు కట్టేవారికి జాగ్రత్తలు

కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తెరలు, చాపలు కొనేముందు ఇవి చూసుకోండి.

• నీడ కిటికీకి బయట పడాలి. మందపాటి కర్టెన్ లోపల కట్టి ఊరుకోవడం అన్నిటికన్నా దండగ ఖర్చు. అద్దం దాటిన ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు. కర్టెన్ కాగి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. వెదురు చాపో, షేడ్ నెట్టో సజ్జ అంచు నుంచి, కిటికీకి జానెడు ఎడంగా వేలాడదీయండి. మధ్యలో గాలి ఆడితే వేడి పైకి పోతుంది.

• డబ్బు ఒక్క కిటికీకే సరిపోతుందా? పడమటిదానికి పెట్టండి. మే మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తినే ఉంటాడు, దక్షిణం కిటికీని సజ్జే కాపాడుతుంది. సాయంత్రం ఎండ మాత్రం సజ్జ కిందనుంచి ఏటవాలుగా దూరుతుంది. తూర్పుది ఆ తర్వాతే.

• వట్టివేళ్ల తడికలు నీళ్లతో తడిపితే మన పొడిగాలికి చక్కగా పనిచేస్తాయి, నాకు వాటి మీదే మొగ్గు. కానీ ఎదురుగా ఇంకో కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. తేమ బయటికి పోకపోతే ఉక్కపోస్తుంది. తడిపిన నీళ్లు స్విచ్‌బోర్డు వైపు కారితే షాక్ కొడుతుంది, అది ముందే చూసుకోండి.

• పొద్దున ఎండ ఎక్కకముందే కిటికీలు మూయండి. రాత్రి బయట చల్లబడ్డాక బార్లా తీయండి, లేకుంటే గోడలు పట్టిన వేడి తెల్లారినా పోదు.

• నెట్టు కింది కొసలు కూడా కట్టండి. మే నెల గాలివాన ఒక్కటి చాలు, చించేస్తుంది.