కథ చేతుల్లోకి రావాలి: ప్రీస్కూల్ తరగతిలో బైబిల్ ఆటలు

తప్పిపోయిన గొర్రె కథ చెప్పి, గొర్రె బొమ్మ ఇచ్చి రంగులు వేయమంటే మూడేళ్ల బిడ్డ చక్కగా రంగులు వేస్తుంది. కానీ గొర్రె కనబడని బెంగ గానీ, దొరికిన సంబరం గానీ ఆ కాగితంలో ఉండవు. ఈ వయసుకి ఆటలోనే కథ జరగాలి. కథ ఐదు నిమిషాల్లో ముగించి, ఆటకి ఇరవై నిమిషాలు ఇవ్వండి. వారానికి ఒక్క కథ చాలు.

బండ మీద ఇల్లు, ఇసుక మీద ఇల్లు (మత్తయి 7) దీనికి చాలా అనువైన కథ. వాన వచ్చినప్పుడు బండ మీది ఇల్లు నిలుస్తుంది, ఇసుక మీది ఇల్లు కూలుతుంది. నలుగురు పిల్లలకి ఒక ట్రే కావాలి. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 లోతు ఉంటే సరిపోతుంది. అరచేతికన్నా కాస్త పెద్ద బల్లపరుపు రాయిని ఒక పక్క అడుగున పెట్టి, పైన ఐదు సెంటీమీటర్ల మందాన పొడి ఇసుక పోయండి. రెండో పక్క ఇసుకను గుట్టలా ఎత్తు చేయండి. నిండిన ట్రే పది కిలోలు దాటి తూగుతుంది కాబట్టి నేల మీద పెట్టాకే ఇసుక పోయాలి.

రాయిని దాచడానికి కారణం ఉంది. ఇదే కథ లూకా 6లో చెప్పినప్పుడు, బండ మీద ఇల్లు కట్టిన మనిషి లోతుగా తవ్వి బండ మీద పునాది వేశాడు. పిల్లలూ తవ్వాలి. వేళ్లకి గట్టిగా ఏదో తగలగానే వాళ్ల చేతులు ఆగిపోతాయి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు టీచర్ మాట్లాడకూడదు. ఉన్నదేమిటో వాళ్లనే చెప్పనివ్వండి. రాయి చుట్టూ ఇసుక తోసేశాక దాని మీద ఆరు చెక్క బ్లాకులతో ఒక ఇల్లు, గుట్ట మీద అలాంటిదే ఇంకొకటి కట్టించండి.

ఇప్పుడు వాన. పావు లీటరు మగ్గుతో నీళ్లు గుట్ట మొదట్లో పోయించండి, ఇంటి మీద కాదు. పైనుంచి పోస్తే నీళ్లు ఇసుకలోకి ఇంకిపోతాయి, ఇల్లు కదలదు. గుట్ట మొదట్లో పోస్తే ఇసుక కోసుకుపోయి ఇల్లు ఒరుగుతుంది. అన్నే మగ్గులు బండ పక్కన కూడా పోయాలి, లేకపోతే పోలిక ఉండదు. ఎక్కువగా జరిగే పొరపాటు అదే ట్రే వాడే రెండో జట్టు దగ్గర కనిపిస్తుంది. తడిసిన ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఇసుక మీది ఇల్లు నిలబడిపోతుంది, కథ తలకిందులవుతుంది! అందుకే జట్టుకొక బకెట్ పొడి ఇసుక విడిగా ఉంచుకోండి.

యెరికో గోడ (యెహోషువ 6) కథలో యెహోషువ ప్రజలు పట్టణం చుట్టూ ఏడు రోజులు తిరిగి కేక వేయగానే దాని గోడ కూలుతుంది. ఆ గోడకి ఖాళీ అట్టపెట్టెలు 12 చాలు. కింద ఐదు, పైన నాలుగు, ఆపైన మూడు. గది మధ్యలో కట్టి, కింది వరస వెనకాల తాడు పెట్టి, దాని కొసలు పెట్టెల పక్కనే చుట్టి ఉంచండి, నడిచే కాళ్లకి తగలకుండా. ఆరు రోజులకి ఆరు చుట్లు, ఏడో రోజుకి ఏడు, మొత్తం 13. మొదటి ఆరు చుట్లూ ఉదయమంతా పరిచి, పని మారినప్పుడల్లా ఒకటి తిప్పండి. ఒకేసారి 13 తిప్పితే పరుగులు మొదలవుతాయి, పడతారు. చివరి ఏడు చుట్లకి ఏడు బట్టల క్లిప్పులు పట్టుకుని చుట్టుకొకటి తీసేస్తే, ఇంకెన్ని మిగిలాయో లెక్క వాళ్లే చెప్తారు. నడిచేటప్పుడు నోరు మెదపకూడదు, యెహోషువ ప్రజలకి చెప్పింది అదే. ఈ వయసులో అలా నోరు కట్టుకోవడమే పెద్ద అభ్యాసం. చివర్లో అందరినీ మీ వెనక నిలబెట్టి, కేక వేయగానే తాడు లాగండి. గోడని పిల్లలు తోయకూడదు. ఎవరి చెయ్యీ తగలకుండా పడిందన్నదే కథలో అసలు సంగతి.

తప్పిపోయిన గొర్రెకి (లూకా 15) కథలోలా వంద వద్దు, పది అట్ట గొర్రెలు చాలు. ఐదేసి గళ్ల రెండు వరసల్లో పేర్చితే, ఒకటి దాచినప్పుడు ఖాళీ గడి కంటికి కొడుతుంది, లెక్క రాని బిడ్డకీ అర్థమవుతుంది. గొర్రెల మీద పిల్లల పేర్లు రాయకండి, తన పేరు తప్పిపోతే బిడ్డ నిజంగానే ఏడుస్తుంది. దూది అంటించాలంటే జిగురు పల్చగా రాసి, పక్కన తడిగుడ్డ పెట్టండి. మూడేళ్లలోపు పిల్లలుంటే దూది అసలు ఇవ్వొద్దు, నేరుగా నోట్లోకి వెళ్తుంది.